గేమ్ మధ్యలో బిగుసుకుపోతోందా? ల్యాప్‌టాప్ ర్యామ్ పెంచే ముందు, పెంచిన తర్వాత

నమస్తే అండి. గేమ్ ఓపెన్ చేయగానే బాగానే నడుస్తుంది. పావుగంట పోయాక కొత్త ఏరియాలోకి అడుగుపెట్టగానే బొమ్మ ఒక్క క్షణం బిగుసుకుపోతుంది. కదులుతుంది, మళ్లీ బిగుసుకుంటుంది. సరిగ్గా ఎదుటివాడు కాల్చే టైమ్‌కే అలా జరిగితే ఎంత చిరాకు వేస్తుందో నాకు బాగా తెలుసు. ఇలాంటప్పుడు చాలామంది వెంటనే ర్యామ్ కొనేస్తారు. ముందు అసలు తప్పు ర్యామ్‌దేనా అన్నది తేల్చుకుందాం. స్క్రూడ్రైవర్ తర్వాత పట్టుకుందాం.

గేమ్‌కి కావాల్సిన బొమ్మలు, శబ్దాలు, మ్యాప్ అన్నీ ర్యామ్‌లో కూర్చోవాలి. చోటు చాలకపోతే విండోస్ కొంత సరుకును తీసి ఎస్‌ఎస్‌డీ, అంటే ఫైళ్లు దాచే డిస్క్ మీద, పేజ్ ఫైల్ అనే చోట పెడుతుంది. కావాల్సినప్పుడు మళ్లీ వెనక్కి తెస్తుంది. ఎస్‌ఎస్‌డీ ఎంత మంచిదైనా ర్యామ్ వేగానికి దరిదాపుల్లోకి కూడా రాదు. ఆ తెచ్చుకునే వ్యవధే మీకు కనిపించే ఆ ఆగడం. పాత హార్డ్ డిస్క్ అయితే ఇంకా ఘోరం.

ఇప్పుడు నాతో పాటు మీరూ చేయండి. మీరు రోజూ ఆడే గేమ్‌ని ఇరవై నిమిషాలు ఆడండి. ఆపకుండానే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. పెర్ఫార్మెన్స్‌లోకి వెళ్లి మెమరీ మీద క్లిక్ చేయండి. ఉన్నది 8 జీబీ, వాడకం 7 దాటిందా? కొరత ఖాయం. ఉన్నది 16 జీబీ, వాడకం 10 దగ్గరే ఉందా? అయితే చోటు సమస్య కాదు. అక్కడే కింద జీపీయూ, అంటే బొమ్మలు గీసే గ్రాఫిక్స్ చిప్ వాడకం కూడా చూడండి. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉండి, అది ఎప్పుడు చూసినా వంద శాతం దగ్గరే ఉంటే, బరువంతా దాని మీదే పడుతోంది. అప్పుడు గేమ్ సెట్టింగ్స్ తగ్గించాలి. ఇంకో మాట, కార్డులో సొంత మెమరీ 4 జీబీ ఉంటే, మీరు ర్యామ్ ఎంత పెంచినా ఆ 4 జీబీ 4 జీబీగానే ఉంటుంది. ఈ విషయం తెలియక డబ్బు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు, అందుకే నొక్కి చెబుతున్నాను.

ఇక ఈ వీడియో చేయడానికి అసలు కారణం. నేను మొదటిసారి ర్యామ్ మార్చినప్పుడు, ఉన్న 8 జీబీ తీసేసి, 16 జీబీ స్టిక్, అంటే ర్యామ్ చిప్‌లు ఉండే చిన్న పలక, ఒక్కటే పెట్టాను. ఆగి ఆగి ఆడటం పోయింది. కానీ ఫ్రేమ్‌లు, అంటే సెకనుకు తెర మీద మారే బొమ్మలు, పెద్దగా పెరగలేదు. నా ల్యాప్‌టాప్‌లో విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు, ప్రాసెసర్‌లో ఉన్న గ్రాఫిక్సే. తర్వాత ఖాళీ స్లాట్‌లో రెండో స్టిక్ పెట్టాక అదే గేమ్, అవే సెట్టింగ్స్, ఫ్రేమ్‌లు స్పష్టంగా పెరిగాయి.

ఎందుకంటే ఒక స్టిక్ ఉంటే ప్రాసెసర్‌కీ ర్యామ్‌కీ మధ్య దారి 64 బిట్ల వెడల్పు. రెండు స్టిక్‌లు రెండు ఛానెళ్లలో ఉంటే 128 బిట్లు. డీడీఆర్4 అనే తరం ర్యామ్‌లో 3200 వేగం ఉన్నది తీసుకుంటే, ఒక్క స్టిక్ సెకనుకు గరిష్ఠంగా 25.6 జీబీ అందిస్తుంది. రెండు కలిస్తే 51.2. ప్రాసెసర్‌లో ఉండే గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ లేదు, అది కూడా ఈ ర్యామ్‌నే వాడుకోవాలి. ఒకే కుళాయి కింద రెండు బిందెలు పెట్టినట్టు. అక్కడ రెండో కుళాయి పెట్టడమే డ్యూయల్ ఛానెల్. విడిగా కార్డు ఉన్న ల్యాప్‌టాప్‌లో ఇంత తేడా ఉండదు. అక్కడ సగటు కన్నా, మధ్యమధ్యలో ఫ్రేమ్‌లు పడిపోవడంలోనే మార్పు తెలుస్తుంది.

కాబట్టి మీ దగ్గర 8 జీబీ స్టిక్ ఒకటి, ఖాళీ స్లాట్ ఒకటి ఉంటే, దానికి జోడీగా అలాంటిదే ఇంకో 8 జీబీ పెట్టండి. ఒకే 16 కన్నా రెండు 8లు మేలు. గేమ్‌లకి ఇప్పుడు 16 జీబీ సరిపోయే మొదటి మెట్టు. ఆడుతూ స్ట్రీమింగ్ చేసేవాళ్లు, మోడ్‌లు, అంటే గేమ్‌ని మార్చే అదనపు ఫైళ్లు, ఎక్కువగా వేసేవాళ్లు 32కి వెళ్లొచ్చు. గేమ్‌ల కోసమే అయితే 64 జీబీకి వెళ్లాల్సిన పని లేదు.

కొనే ముందు చూడాల్సింది కూడా అదే మెమరీ పేజీలో ఉంది. స్పీడ్ ఎంత, స్లాట్స్ యూజ్డ్ ఎంత అని రాసి ఉంటుంది. ఫామ్ ఫ్యాక్టర్ దగ్గర సోడిమ్ అని ఉంటే సాధారణంగా మార్చుకునే స్టిక్ ఉన్నట్టు. తక్కువ కరెంటుతో నడిచే ఎల్‌పీడీడీఆర్ రకం అయితే దాదాపు ఎప్పుడూ బోర్డుకే అతికించి ఉంటుంది, తీయడం కుదరదు. కొన్ని మోడళ్లలో కొంత అతికించి, ఒక స్లాట్ ఖాళీగా ఇస్తారు. అందుకే మీ మోడల్ మాన్యువల్ ఒకసారి తెరిచి, ఎన్ని స్లాట్‌లు, గరిష్ఠంగా ఎంత ర్యామ్ అని చూడండి. వారంటీ షరతులు కూడా అప్పుడే చదవండి.

డీడీఆర్4 స్టిక్‌కి 260 పిన్నులు, డీడీఆర్5కి 262. మధ్యలో ఉండే గాడి చోటు కూడా వేరు. ఒకదాని బదులు ఇంకోటి పట్టదు, బలవంతం చేస్తే స్లాట్ విరుగుతుంది. రెండు స్టిక్‌ల వేగాలు వేరైతే, రెండూ తక్కువ వేగానికే దిగి నడుస్తాయి. 8కి తోడు 16 పెడితే చాలా ల్యాప్‌టాప్‌లలో 8, 8 జంటగా పనిచేసి, మిగిలిన 8 ఒంటరిగా నడుస్తుంది. అది కూడా పర్వాలేదు.

సరే, ఇప్పుడు విప్పుదాం. షిఫ్ట్ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ క్లిక్ చేయండి, అప్పుడే పూర్తిగా ఆఫ్ అవుతుంది. ఛార్జర్ తీసేయండి. కింది కవర్ స్క్రూలు అన్నీ ఒకే పొడవు ఉండకపోవచ్చు. పొడవు స్క్రూ తప్పు చోట బిగిస్తే పైభాగానికి గుచ్చుకుంటుంది. నేను ఒక కాగితం మీద ల్యాప్‌టాప్ ఆకారం గీసి, ఏ స్క్రూ ఏ చోటుదో అక్కడే పెడతాను. కవర్ అంచుని పాత ప్లాస్టిక్ కార్డుతో నెమ్మదిగా లేపండి, లోహపు పనిముట్లు వద్దు.

ముందు బ్యాటరీ కనెక్టర్ తీయండి. వైర్లు పట్టుకుని లాగకండి, ప్లాస్టిక్ భాగాన్నే పట్టుకోవాలి. తర్వాత పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి. పెయింట్ లేని ఏదైనా లోహాన్ని ఒకసారి తాకండి, ఒంట్లోని స్టాటిక్ పోతుంది.

స్లాట్‌ల మీద రేకు మూత ఉంటే తీయండి. పాత స్టిక్‌కి రెండు పక్కలా ఉన్న క్లిప్‌లను బయటికి తోయగానే అది దానంతట అదే పైకి లేస్తుంది. కొత్తదాన్ని అంచులతోనే పట్టుకోండి. గాడి చూసుకుని, ఏటవాలుగా, సుమారు 30 డిగ్రీల్లో, లోపలికి తోయండి. బంగారు రంగు గీతలు దాదాపు కనిపించకుండా పోవాలి. ఆ తర్వాతే కిందికి నొక్కండి. రెండు వైపులా క్లిక్‌మని వినిపించాలి.

నాకు ఒకసారి ఒకవైపే క్లిక్ అయింది, గమనించలేదు. ఆన్ చేస్తే లైట్ వెలిగింది, స్క్రీన్ నల్లగానే ఉంది. ల్యాప్‌టాప్ పోయిందేమో అని చాలా టెన్షన్ పడ్డాను. ఆఫ్ చేసి, బ్యాటరీ తీసి, స్టిక్ మళ్లీ సరిగ్గా కూర్చోబెడితే వెంటనే వచ్చింది. మీకూ అలా జరిగితే కంగారు పడకండి. పైగా డీడీఆర్5 అయితే మొదటిసారి ఆన్ చేసినప్పుడు కొత్త ర్యామ్‌ని సరిచూసుకోవడానికి కొన్ని నిమిషాలు పట్టొచ్చు. ఆ నల్ల స్క్రీన్ చూసి మధ్యలో ఆఫ్ చేయొద్దు.

కవర్ మూసి, ప్రస్తుతానికి రెండు మూడు స్క్రూలే పెట్టండి. విండోస్ వచ్చాక టాస్క్ మేనేజర్‌లో కొత్త సైజు చూడండి. మొత్తం కన్నా కాస్త తక్కువ కనిపిస్తే గ్రాఫిక్స్ తన వాటా పక్కన పెట్టుకుందని అర్థం, అది లోపం కాదు. సీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్ తెరిచి మెమరీ ట్యాబ్‌లో ఛానెల్ దగ్గర చూడండి. డీడీఆర్4కి డ్యూయల్ అని గానీ, రెండు 64 బిట్లు అని గానీ రావాలి. డీడీఆర్5 జంటకి నాలుగు 32 బిట్లు అని వస్తుంది. ఒక్కో స్టిక్‌లో రెండేసి చిన్న దారులు ఉంటాయి కాబట్టి అదీ సరైనదే.

స్టార్ట్‌లో విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ అని వెతికి ఒకసారి నడపండి. ఒక్క తప్పు చూపించినా ఆ స్టిక్ వెనక్కి ఇచ్చేయండి. తర్వాత అదే గేమ్, అదే ఏరియా, అవే సెట్టింగ్స్, ఇరవై నిమిషాలు ఆడండి. ఇంతకుముందు ఎక్కడ ఆగేదో అక్కడికే వెళ్లండి. ఆగకపోతే, మిగిలిన స్క్రూలు బిగించేయండి.