కిరాయికి దిగే ముందు ఒక కాగితం

అక్కలారా, చెల్లెళ్లారా, అన్నలారా, అందరికీ నమస్తే.

ఇక్కడ కూర్చున్నవాళ్లలో చాలామంది కోయిలకొండ, గండీడ్, హన్వాడ, నవాబుపేట దిక్కు నుంచి మహబూబ్‌నగర్‌కు బతకడానికి వచ్చినవాళ్లు. కొందరు నాలుగిళ్లలో పనిచేస్తున్నారు, కొందరు పోలేపల్లి కంపెనీలకు పోతున్నారు, కొందరు పొద్దున్నే అడ్డా మీద నిలబడుతున్నారు. పని ఎక్కడైనా నెల మొదటి వారం వస్తే అందరి గుండెలోనూ ఒకటే దడ, కిరాయి. తక్కువ ఆదాయంతో ఇల్లు ఎట్లా వెతుక్కోవాలి, దిగాక ఎట్లా నిలబెట్టుకోవాలి అన్నదే ఇవాళ నేను మాట్లాడబోయేది.

టూలెట్ బోర్డు కనబడగానే మనం అడిగే మొదటి మాట "కిరాయి ఎంత?" అని. దానికంటే ముందు "కరెంటు మీటర్ వేరేనా?" అని అడగండి. ఎందుకో ఒక లెక్క చెప్తాను. ఊరి చివర ఒక గది మూడు వేలకు ఇస్తామన్నారనుకోండి. మీటర్ ఓనర్‌దే, మీకు సబ్ మీటర్ పెట్టి యూనిట్‌కు ఎనిమిది రూపాయలు వసూలు చేస్తారు. నెలకు 80 యూనిట్లు కాలితే 640 రూపాయలు. పనికి పోయి రావడానికి రోజుకు నలభై రూపాయల ఆటో, 26 రోజులకు 1,040. మొత్తం 4,680. అదే పని జాగాకు నడిచిపోయే దూరంలో, సొంత మీటర్ ఉన్న గది 3,800 అన్నారనుకోండి. వినగానే ఎక్కువ అనిపిస్తుంది, కానీ కరెంటు బిల్లు సున్నా అయితే నెలాఖరుకు 880 రూపాయలు చేతిలో మిగిలేది అక్కడే.

ఆ 640 సంగతి ఇంకొంచెం చూడాలి. 100 యూనిట్లలోపు వాడే ఇంటికి మొదటి 50 యూనిట్లకు యూనిట్‌కు రూపాయి 95 పైసలు, ఆపైన మూడు రూపాయల పది పైసలు. ఆ లెక్కన 80 యూనిట్లకు కరెంటు చార్జీ 190 రూపాయల చిల్లర, మీద కొద్దిపాటి ఇతర చార్జీలు. అర్హత ఉంటే అది కూడా లేదు. 2024 మార్చి నుంచి రాష్ట్ర ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల దాకా జీరో బిల్లు వస్తోంది. ఇది కిరాయిదార్లకూ వర్తిస్తుంది. సొంతింటివాళ్లకే అనుకుని ఊరుకున్నవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. రేషన్ కార్డు, ఆధార్, మీటర్ నంబర్ మూడూ కలిసి ఉండాలి, ఇల్లు మారినప్పుడు మీటర్ నంబర్ మార్పించుకోవాలి. ఊళ్లో అత్తమామల ఇంటి మీటర్‌కు మీ కార్డు ముడిపడి ఉంటే ఇక్కడ రాదు, అది ముందే చూసుకోండి. మూడు పోర్షన్లకు ఒకే మీటర్ ఉన్నచోట వాడకం 200 దాటిపోతుంది, అందరికీ కలిపి జీరో బిల్లు పోతుంది. ఓనరమ్మకు ఈ లెక్క కూర్చోబెట్టి చెప్పండి. వేరే మీటర్ ఖర్చులో సగం మేము పెట్టుకుంటాం అంటే ఒప్పుకునేవాళ్లు ఉంటారు.

రేషన్ కోసం మాత్రం కార్డు పట్నానికి మార్చుకోనక్కర్లేదు. రాష్ట్రంలో ఏ షాపులోనైనా వేలిముద్ర వేసి బియ్యం తీసుకోవచ్చు.

నీళ్ల సంగతి ఎండాకాలంలో చూడాలి, కానీ మనకు ఇల్లు ఎప్పుడు దొరికితే అప్పుడే దిగుతాం. అందుకని పక్క పోర్షన్ ఆడవాళ్లను అడగండి, ఏప్రిల్‌లో బోరు ఎండుతుందా, నల్లా ఎన్ని రోజులకొకసారి వస్తుంది అని. ఓనర్ చెప్పని నిజం వాళ్లు చెప్తారు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మనలో చాలామందికి కిరాయి అంటే నోటిమాటే. అడ్వాన్స్ చేతికిస్తాం, రసీదు అడగం. ఖాళీ చేసే రోజు సున్నం పైసలని, నల్లా పాడైందని కోసి, ఇరవై వేలలో ఎనిమిది వేలు చేతిలో పెడితే ఏడ్చుకుంటూ వచ్చేస్తాం. ఎక్కడా రాసి లేదు కాబట్టి ఎవరికీ చెప్పుకోలేం.

చట్టం లేదా అంటారు. ఉంది. 1960 నాటి భవనాల అద్దె నియంత్రణ చట్టం. రసీదు ఇవ్వాలని, ఒక నెల కిరాయికి మించి అడ్వాన్స్ తీసుకోవద్దని, కారణం లేకుండా నీళ్లు, కరెంటు ఆపొద్దని అందులో ఉంది. కానీ 2005లో దానికి ఒక హద్దు పెట్టారు. కార్పొరేషన్లలో నెల కిరాయి 3,500, మిగతాచోట్ల 2,000 దాటితే ఆ చట్టం వర్తించదు. కట్టి పదిహేనేళ్లు కాని ఇళ్లకూ వర్తించదు. 2005లో రెండు వేలంటే మంచి ఇల్లు. ఇవాళ రేకుల గదికే అంత అడుగుతున్నారు. కిరాయిలు పెరిగినా ఆ అంకె అక్కడే ఆగిపోయింది. పేదవాడి కోసం చేసిన చట్టంలోంచి పేదవాడే బయట పడ్డాడు. ఇది అన్యాయమని నేను ప్రతి సభలోనూ చెప్తాను. కేంద్రం 2021లో ఒక నమూనా చట్టం పంపింది, అందులో అడ్వాన్స్ రెండు నెలలకు మించొద్దని ఉంది. కానీ రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే దానికి బలం.

అంతదాకా మన చేతిలో మిగిలిందల్లా మనం రాసుకున్న కాగితం. 11 నెలల అగ్రిమెంట్ అని వింటుంటారు కదా, ఏడాదికి మించిన లీజును 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ చేయించాలి కాబట్టి ఆ లెక్క. ఇంటి నంబర్, మీటర్ నంబర్, కిరాయి ఎంత, ఏ తారీఖుకు ఇవ్వాలి, అడ్వాన్స్ ఎంత, ఖాళీ చేశాక ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారు, సున్నానికి ఎంత పట్టుకుంటారు, ఏడాదికి ఎంత పెంచుతారు, ఖాళీ చేయమంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి. ఇంతే. ఒక్క పేజీ. దిగిన రోజే గోడలు, నల్లాలు, తలుపులు ఫోన్‌లో ఫొటో తీసి ఓనర్‌కు వాట్సాప్ చేయండి. కిరాయి ఫోన్‌పేలో పంపితే "ఏప్రిల్ కిరాయి" అని రాసి పంపండి, అదే మీ రసీదు.

కాగితం రాస్తే ఇల్లు మాదే అంటారేమోనని ఓనర్లు భయపడతారు. వాళ్లందరూ ఉన్నవాళ్లు కాదు. రెండు పోర్షన్ల కిరాయి మీదే బతికే ముసలమ్మలు మన గల్లీల్లోనే ఉన్నారు. వాళ్లకు నెమ్మదిగా చెప్పండి: నేను కిరాయికే ఉంటున్నానని నా చేత సంతకం పెట్టించుకుంటే ఆ ఇల్లు నీదేనని నేను ఒప్పుకున్నట్టే కదా పెద్దమ్మా, ఆ కాగితం నీకే ఎక్కువ రక్షణ అని.

కాగితం లేకున్నా నెలనెలా కిరాయి కట్టేవాళ్లకు 15 రోజుల ముందు రాతపూర్వక నోటీసు ఇవ్వాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం చెప్తుంది. రాత్రికి రాత్రి సామాను బయట పారేసే హక్కు ఎవరికీ లేదు. అట్లా జరిగితే ఉచిత న్యాయ సహాయ నంబర్ 15100కు ఫోన్ చేయండి, లేదా కోర్టులోనే ఉండే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పోండి. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా వకీలును ఉచితంగా ఇస్తారు.

ఇంకొక మాట. ఇల్లు అడగడానికి పోతే కులం అడుగుతారు. ముస్లిం పేరు వినగానే, ఇల్లు వేరేవాళ్లకు ఇచ్చేశాం పో అంటారు. గది ఖాళీగానే ఉంటుంది, బోర్డు వేలాడుతూనే ఉంటుంది. అంటరానితనం పేరుతో ఎవరినైనా ఒక ఇంట్లో ఉండకుండా అడ్డుకోవడం 1955 పౌర హక్కుల రక్షణ చట్టం కింద నేరం. మతం పేరుతో తిప్పి పంపేవాళ్లను ఆపడానికి అంత సూటి చట్టం లేదు. అక్కడ ఇరుగుపొరుగు మనమే మాట్లాడాలి. మన పక్క పోర్షన్ ఖాళీ అయితే వాళ్లను మనమే వెంటబెట్టుకుని పోయి మాట ఇప్పించాలి.

చావు మాట ఎత్తడం నాకూ బాధే. కిరాయి ఇంట్లో మనిషి పోతే శవాన్ని గడప తొక్కనివ్వరు. ఆస్పత్రి నుంచి తెచ్చి రోడ్డు పక్కన టెంట్ కింద పెట్టుకుని రాత్రంతా కూర్చున్న కుటుంబాలు మన తెలంగాణలో ఎన్నో. పురుటికి కూడా కొందరు ఖాళీ చేయమంటారు. ఓనర్లది మూఢనమ్మకమని తిట్టి ఊరుకుంటే సరిపోదు, ఆ రాత్రికి ఒక చోటు కావాలి. మహబూబ్‌నగర్ 2025లో కార్పొరేషన్ అయింది. వైకుంఠధామాల దగ్గర నీళ్లు, లైట్లు, రెండు గదులు ఉన్న ఒక షెడ్డు, కిరాయి ఇళ్లవాళ్లు మూడు రోజులు ఉండేటట్టు కట్టమని మనం అడగాలి.

అందుకు అర్జీ రాసి ఆ టేబుల్ మీద పెట్టాం. రెండో అర్జీ కిరాయి చట్టంలో 3,500 హద్దును పెంచమని ప్రభుత్వానికి. పక్కనే ఒక పేజీ అగ్రిమెంట్ నమూనాలు ఉన్నాయి, తలా రెండు తీసుకోండి, ఒకటి ఓనర్‌కు. చదవడం రానివాళ్లు మొహమాటపడకండి, మా పిల్లలు పక్కన కూర్చుని చదివి వినిపిస్తారు. విన్నాకే సంతకం పెట్టండి.