ప్యాసింజరు బండి చూపిన పాలమూరు

సభలోని పెద్దలకు, విద్యార్థి మిత్రులకు నమస్కారం.

చిన్ననాటి ప్రయాణాల గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. నేను ఒక్క ప్రయాణం గురించే చెబుతాను. 1985 కార్తీక మాసంలో మా నాయనమ్మ మహానందికి పోవాలని మొక్కుకుంది. నన్ను వెంటబెట్టుకుని కాచిగూడలో ప్యాసింజరు ఎక్కింది. ద్రోణాచలంలో, అంటే డోన్‌లో, బండి మారి నంద్యాల చేరాలి. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. పుట్టింది పాలమూరు, అంటే మహబూబ్‌నగర్ జిల్లాలోనే అయినా, పాలమూరు అంటే ఏమిటో నాకు ఆ పెట్టెలోనే తెలిసింది. ఆ తర్వాత ఎన్నో పుస్తకాలు చదివాను, ఎన్నో పటాలు చూశాను. అవన్నీ ఆ రోజు తెలిసినదానికి వివరణలే అయ్యాయి.

ఈ తరం వారికి ఆ బండిని కొంచెం పరిచయం చేయాలి. అప్పుడు ఈ దారి మీటర్ గేజ్. రెండు పట్టాల మధ్య దూరం సరిగ్గా 1,000 మిల్లీమీటర్లు. నేటి బ్రాడ్ గేజ్ 1,676. పెట్టెలు చిన్నవి, బల్లలు చెక్కవి. కిటికీలోంచి తల బయట పెడితే బొగ్గు నలుసు కంట్లో పడేది. టికెట్టు గట్టి అట్టముక్క. ఉందానగర్, తిమ్మాపూర్, షాద్‌నగర్, బూర్గుల, బాలానగర్, రాజాపూర్, గొల్లపల్లి, జడ్చర్ల... ప్రతి పేరు దగ్గరా బండి ఆగేది. ఆగిన ప్రతిచోటా ఎవరో ఒకరు దిగేవారు, ఎవరో ఒకరు ఎక్కేవారు. ఆ పేర్లను నాయనమ్మ నా చేత చదివించింది. ఆమెకు చదువు రాదు, కానీ దారిలో ఏ ఊరి తర్వాత ఏ ఊరో తప్పు లేకుండా చెప్పేది.

షాద్‌నగర్‌లో ఎదురు బండి కోసం చాలాసేపు నిలిపారు. ఒంటి లైను కదా, క్రాసింగ్ పడితే అంతే. నేను దిగి స్టేషన్ మాస్టరు గది కిటికీ దగ్గర నిలబడ్డాను. లోపల గోడవార ఒక ఇనుప యంత్రం ఉంది. పక్క స్టేషన్‌లోని మాస్టరు అక్కడ మీట నొక్కి ఒప్పుకుంటే తప్ప ఇక్కడి యంత్రం నుంచి గోళం బయటికి రాదు. పిడికిట్లో పట్టేంత లోహపు గోళం. దాన్ని తోలు సంచిలో వేసి, సంచిని పెద్ద బెత్తపు వలయానికి బిగించి, డ్రైవరుకు అందిస్తారు. అది చేతికి అందితేనే బండి కదలాలి. ఒక గోళం బయట ఉన్నంతసేపు ఆ రెండు స్టేషన్లలో ఎక్కడా మరో గోళం రాదు. కాబట్టి ఆ పట్టాల మీదికి మరో బండి రాలేదు. అంతమంది ప్రాణాలకు భద్రత ఆ గోళమే. మాస్టరు విసుక్కోకుండా ఇదంతా నాకు చెప్పాడు. ఈ సంగతి గుర్తుంచుకోండి, చివర్లో మళ్లీ దీని అవసరం పడుతుంది.

బాలానగర్‌లో సీతాఫలాల గంపలు కిటికీల దాకా వచ్చాయి. ఈ ప్రాంతపు సీతాఫలం ఎంత పేరుపొందిందంటే, ఉద్యానశాస్త్రంలో ఆ రకానికి బాలానగర్ అన్న పేరే స్థిరపడిపోయింది. నాయనమ్మ కాయను నొక్కి చూడదు. కన్నుల మధ్య గీత తెల్లబారిందా లేదా అని చూసి ఏరుతుంది. గుట్టల్లో చెట్ల నుంచి కోసుకొచ్చి, బండి ఆగిన ఆ రెండు నిమిషాల్లో అమ్ముకుని, ఇంటికి ఉప్పూ నూనే తీసుకుపోయే ఆడవాళ్లు వాళ్లు. వాళ్లకు అంగడి మన రైలే.

ఇక మహబూబ్‌నగర్. ఇక్కడ ఎక్కినవాళ్లను నేను నేటికీ మరువలేదు. కూలీలను పనులకు తీసుకుపోయే ఒక గుంపు మేస్త్రీ, అతని వెనక నాలుగైదు కుటుంబాలు. పారలు, తట్టలు, గడ్డపారలు, బొంతల మూటలు, మసిబారిన గిన్నెలు. మా ఎదురు బల్ల కింద అన్నీ సర్దేశారు. వాళ్లలో నాకన్నా ఒకటి రెండేళ్లు పెద్దదైన అమ్మాయి చంకలో తమ్ముణ్ని ఎత్తుకుని ఉంది. కూర్చోగానే తన తల్లి పాతచీరను ఆ అమ్మాయి తీసి రెండు కొసలనూ సామాను బల్ల ఇనుప కడ్డీకి ముడివేసింది. వేలాడి మరీ ముడి పరీక్షించింది. లోపల మడతపెట్టిన బొంత పరిచి తమ్ముణ్ని పడుకోబెట్టింది. చీర అంచుకు ఒక తాడు కట్టి, ఆ తాడు కొసను కాలి బొటనవేలికి తగిలించుకుంది. ఇక చేతులు ఖాళీ. తల్లితో కలిసి చింతపండు గింజలు తీస్తూ, కాలితో ఉయ్యాల ఊపుతూ కూర్చుంది. అంత ఒడుపు ఎన్ని ప్రయాణాల్లో పట్టుబడిందో నేను అడగలేదు.

“ఎక్కడికి పోతున్నారమ్మా?” అని నాయనమ్మ అడిగింది.

“కాలువ పనికి. తెలుగు గంగ” అంది తల్లి.

మేస్త్రీ దగ్గర ముందే డబ్బు తీసుకున్నారు. అది తీరేదాకా పని చేయాలి. తొలకరికి తిరిగొస్తారు. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా, కాలువ తవ్వినా పాలమూరు కూలీ ఉంటాడని పెద్దలు అంటారు. ఆ మాట నేను వినడానికి ముందే చూశాను.

దేవరకద్ర దాటాక కురుమూర్తి జాతరకు పోయేవాళ్లతో పెట్టె నిండిపోయింది. దీపావళి తర్వాత జాతర మొదలవుతుంది. స్వామివారి ఉద్దాలను వడ్డెమానులో దళితులు నిష్ఠగా ఉండి తయారుచేస్తారు, ఊరేగింపుగా కొండకు తెస్తారు. భక్తులు ఆ పాదరక్షలను తలకు ఆనించుకుంటారు. ఆ సంగతి చెబుతూ నాయనమ్మ మూట విప్పింది. సజ్జ రొట్టెలు, పల్లీల పొడి. ఎదుటివాళ్లు జొన్న రొట్టె, ఉల్లిగడ్డ కారం తీశారు. రొట్టెలు అటూ ఇటూ మారాయి. మా ఊళ్లో అలా వేర్వేరు కులాల రెండు కుటుంబాలు ఒక్క అరుగు మీద కూర్చుని తినడం నేను అప్పటికి చూడలేదు. రైలు వల్లే కులం పోయిందని నేను అనను. ఆ చెక్కబల్ల మీద ఆ పూట అది మా మధ్యకు రాలేదు. అది చిన్న సంగతని నేను ఒప్పుకోను.

శ్రీరామనగర్ దాటాక కృష్ణ వంతెన. ఐదు పైసల బిళ్లలు గలగలా నీళ్లలో పడ్డాయి. గద్వాలలో ఒక ముసలాయన ఎక్కాడు, అలంపూర్ రోడ్డులో దిగుతాడు. ఆయన ఊరు శ్రీశైలం జలాశయంలో మునిగిపోయింది. ఆ నీళ్ల కిందికి పోబోయే కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురానికి తరలించారు. ఆయన ఒక మాట అన్నాడు: “దేవుడికి చోటు దొరికింది. మాకు ఇంకా పైసలు అందలేదు.”

మిత్రులారా, ఒక్కసారి ఆ పెట్టెను మనసులో నిలుపుకోండి. శ్రీశైలం నీళ్లు ముంచిన ఊరివాడు ఒక బల్ల మీద. అదే శ్రీశైలం నీళ్లను పోతిరెడ్డిపాడు నుంచి తీసుకుపోయే తెలుగు గంగను తవ్వబోతున్న కుటుంబం ఎదుటి బల్ల మీద. రెండూ పాలమూరు కుటుంబాలే. అప్పటికి ఈ జిల్లాలో జూరాల ప్రాజెక్టు ఇంకా కట్టుబడిలోనే ఉంది. రాయలసీమ పొలాలకో, మద్రాసు గొంతుకలకో నీళ్లు పోవడాన్ని నేను తప్పుపట్టను. కరువు ఎక్కడిదైనా కరువే. కానీ తవ్వినవాడి చేను ఎందుకు ఎండిపోయిందన్న ప్రశ్న నాకు ఆ రోజు, ఆ ఇద్దరి మధ్య కూర్చున్నప్పుడు మొదలైంది. మనిషిని మనిషి ఎదురుగా కూర్చోబెట్టి, గంటల తరబడి మాట్లాడుకోనిచ్చింది ప్యాసింజరు బండే.

ఈ మార్గం 1990లలో బ్రాడ్ గేజ్ అయింది. 2023 ఏప్రిల్‌లో సికింద్రాబాద్–మహబూబ్‌నగర్ మధ్య 85 కిలోమీటర్ల డబ్లింగ్ (రెండో లైను), విద్యుదీకరణ జాతికి అంకితమయ్యాయి. అదే ఏడాది అక్టోబర్ 1న జక్లేరు–కృష్ణ కొత్త లైను ప్రారంభమై, కాచిగూడ నుంచి దేవరకద్ర మీదుగా రాయచూరుకు బండి వచ్చింది. ఇవన్నీ నాకు నిండు సంతోషం కలిగించిన సంగతులు. అయితే 2020 మార్చిలో ఆగిన ప్యాసింజర్లు తిరిగి నడిచినప్పుడు స్పెషల్ పేరుతో ఎక్స్‌ప్రెస్ చార్జీ వేశారు. కనీస టికెట్టు 10 రూపాయలది 30 అయింది. 2024 ఆరంభంలో గాని పాత ధర తిరిగి రాలేదు. కూలికి పోయే ఇంటికి ఒక్కో మనిషి మీద 20 రూపాయల తేడా అంటే ఆ పూట కూరగాయల ఖర్చు.

చార్జీ తగ్గింది, ఇక మిగిలింది ఆగడం. చిన్న స్టేషన్లలో ఆగితే బండి ఆలస్యమవుతుందని తరచు అంటారు. నేను గోళం సంగతి గుర్తుంచుకోమన్నది ఇందుకే. ఆ రోజు మా బండిని గంటల తరబడి నిలిపింది కౌకుంట్ల కాదు, ఇటిక్యాల కాదు. ఒంటి లైను, ఎదురు బండి. రెండో లైను వేసిన చోట ఆ నిరీక్షణ తగ్గింది. అలా మిగిలిన సమయంలోంచి చిన్న ఊరికి రెండు నిమిషాలు ఇవ్వడం రైల్వేకు భారం కాదు. అది ఆ ఊరి హక్కు. గంపతో నిలబడ్డ మనిషికి, ఆసుపత్రికి పోయే ముసలమ్మకు, మీలాంటి విద్యార్థికి ఆ రెండు నిమిషాలే రైలు.

ఇప్పుడు ముందు వరుస నుంచి ఒక కాగితం తిరుగుతుంది. మీ ఊరి స్టేషన్ పేరు, అక్కడ ఇప్పుడు ఆగే బండ్లు, మునుపు ఆగి ఇప్పుడు ఆగని బండ్లు, మీకు బండి కావలసిన వేళ రాయండి. ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రేపు తెచ్చిచ్చినా సరే. అన్నీ కలిపి హైదరాబాద్ డివిజన్ అధికారులకు వినతిపత్రంగా ఇద్దాం. కౌకుంట్ల, ఇటిక్యాల, మానవపాడు వైపు నుంచి వచ్చినవాళ్లు ఉంటే దయచేసి మొదట మీరే రాయండి.