కడుపు మెత్తగా ఉన్నప్పుడు

సభకు నమస్కారం.

తీవ్రమైన కడుపునొప్పితో రోగి రాగానే వైద్యులమైన మనకు అపెండిక్స్, పిత్తాశయంలో రాళ్లు, పేగులో అడ్డంకి గుర్తుకు రావడం సహజమే. చాలాసార్లు కారణం అక్కడే దొరుకుతుంది కూడా. నేను మాట్లాడదలచింది అక్కడ దొరకని నొప్పి గురించి. రోగి నొప్పితో మెలికలు తిరుగుతుంటాడు, చేత్తో నొక్కి చూస్తే కడుపు మెత్తగా ఉంటుంది. ఈ పొంతన కుదరకపోవడమే నా దృష్టిలో అన్నిటికన్నా విలువైన ఆధారం. దాన్ని రోగి చేసే అతి అని కొట్టిపారేయడం పెద్ద పొరపాటు.

ఆ రోగి వయసు మళ్లినవాడై, గుండె లయ తప్పి కొట్టుకుంటుంటే, పేగులకు రక్తం తీసుకెళ్లే ధమనిలో రక్తపు గడ్డ అడ్డుపడిందేమోనని మొదట అనుమానించాలి. కణజాలానికి ఆక్సిజన్ అందనప్పుడు రక్తంలో పెరిగే లాక్టేట్ మామూలుగా ఉందని ఊరట చెందకుండా వెంటనే రక్తనాళాలను చూపే సీటీ యాంజియోగ్రామ్ తీయించాలి, ఎందుకంటే లాక్టేట్ పెరిగేసరికే పేగు చచ్చుబడడం మొదలై ఉండవచ్చు.

అదే నొప్పి ఒక యువతికి, ముఖ్యంగా నెలసరికి ముందు రోజుల్లో, మళ్లీ మళ్లీ వస్తూ, దానికి నాడి వేగం, మలబద్ధకం, రక్తంలో సోడియం తగ్గడం, కాళ్లూ చేతుల్లో నీరసం తోడైతే, అక్యూట్ ఇంటర్మిటెంట్ పోర్ఫిరియాను తలచుకోవాలి. హిమోగ్లోబిన్‌లో భాగమైన హీమ్ తయారీలో పాల్గొనే ఒక ఎంజైము తక్కువ కావడం వల్ల వచ్చే ఈ జబ్బు స్కానింగులో పట్టుబడదు. వెలుతురులో ఉంచిన మూత్రం ముదురు రంగుకు తిరగడం సూచన మాత్రమే. నొప్పి ఉన్నప్పుడే పట్టి, వెలుతురు తగలకుండా పరీక్షకు పంపిన మూత్రంలో, హీమ్ తయారీ మధ్యలో ఏర్పడే పోర్ఫోబిలినోజెన్ బాగా పెరిగి ఉంటే జబ్బు దాదాపు తేలినట్టే. ఈ పేరు ఎవరికీ తట్టకపోతే రోగి అనవసరమైన ఆపరేషన్ల పాలవుతుంది. బార్బిచురేట్లు అనే మత్తుమందులు, సల్ఫా మందులు ఇస్తే జబ్బు మరింత ముదురుతుంది.

గుండెపోటు, ఊపిరితిత్తుల అడుగుభాగంలో న్యుమోనియా, మధుమేహంలో రక్తం ఆమ్లమయమయ్యే కీటోఅసిడోసిస్ కూడా కడుపునొప్పి వేషంలో వస్తాయి కనుక ఈసీజీ, రక్తంలో చక్కెర పరీక్ష మరవకూడదు. మగపిల్లల్లో వృషణం మెలిపడినా కడుపునొప్పి అనే చెబుతారు, సిగ్గుపడి అసలు చోటు చూపరు. మనమే అడిగి చూడాలి.

ఇక ఏ యంత్రమూ అక్కరలేని పరీక్ష ఒకటుంది, 1926లో అమెరికన్ శస్త్రవైద్యుడు కార్నెట్ వివరించినది. నొప్పి ఉన్న చోట వేలు పెట్టి, పడుకున్న రోగిని తలా భుజాలూ పైకెత్తమనాలి. నొప్పి తగ్గితే కారణం లోపలి అవయవంలో, అలాగే ఉన్నా పెరిగినా కడుపు గోడలో ఉండే అవకాశం ఎక్కువ. గోడలో నరం నొక్కుకుపోయిన రోగులు చాలామందికి ఆ బిందువులో మత్తు ఇంజెక్షన్ ఇస్తే, ఏళ్ల తరబడి తిప్పలు పెట్టిన నొప్పి నిమిషాల్లో సద్దుమణుగుతుంది.