వర్క్‌షాప్‌లో "బాగుంది" అంటే ఎందుకు చాలదు?

[తెర మీద: గుండ్రంగా వేసిన కుర్చీలు, ఒళ్లో నోటు పుస్తకాలు]

రైటింగ్ వర్క్‌షాప్ అనగానే చాలామంది పెద్దవాళ్లు జంకుతారు. "అందరూ ఆరితేరినవాళ్లే ఉంటే నా గతేంటి?" అని. నిజానికి అక్కడ ఉత్తరం తప్ప ఏదీ రాయనివాళ్లూ ఉంటారు, కథలు అచ్చయినవాళ్లూ ఉంటారు. అయినా పని నడుస్తుంది.

చాలాచోట్ల ముందు ఓ పది నిమిషాలు ఆపకుండా రాయిస్తారు. దీన్ని ఫ్రీరైటింగ్ అంటారు. కొట్టివేతలుండవు, అక్షరదోషాల గొడవ ఉండదు. ఏమీ తోచకపోతే "ఏమీ తోచట్లేదు" అనే రాయాలి. మనలోపలి తప్పులు దిద్దే మాస్టారు నిద్రలేచేలోగా నాలుగు వాక్యాలు పడిపోతాయి.

అసలు పని ఆ తర్వాతే: రాసింది పైకి చదవాలి, మిగతావాళ్లు విని అభిప్రాయం చెప్పాలి.

[తెర మీద: "నాన్నకి చాలా కోపం వచ్చింది."]

ఒకావిడ తను రాసిన ఈ వాక్యం చదివారనుకోండి. "బాగుంది" అంటే ఆవిడకి ఒరిగేదేమీ లేదు. "బాగాలేదు" అన్నా అంతే. "కోపం వచ్చిందని మీరన్నారు, నాకైతే కనపడలేదండీ" అంటే, అదీ పనికొచ్చే మాట. ఆవిడ మార్చి తెస్తారు.

[తెర మీద: "నాన్న కుర్చీ లాగారు. కూర్చోలేదు."]

కోపం అన్న మాటే లేదు, అయినా కోపం కనపడుతోంది చూడండి. మొదటి వాక్యంలో లోటు పట్టుకున్నది నిన్నగాక మొన్న చేరినవాళ్లే కావచ్చు. కథ రాయడానికి సాధన కావాలి గానీ, ఎక్కడ మనసు పక్కకి పోయిందో చెప్పడానికి అక్కర్లేదు. అన్ని స్థాయిలవాళ్లూ ఒకేచోట కూర్చోగలిగేది ఇందుకే.

ఇంకో మర్యాద ఉంది. "మీ నాన్నగారు నిజంగా అంతేనా?" అని అడగరు. "ఈ కథలో తండ్రి" అంటారు. సొంత గాయాల గురించి రాసేవాళ్లకి అది పెద్ద రక్షణ.

అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో 1936లో మొదలైన రైటర్స్ వర్క్‌షాప్ పేరుతో ముడిపడ్డ పద్ధతిలో, చర్చ ముగిసేదాకా రాసినవాళ్లు నోరు మెదపకూడదు. సంజాయిషీలు తగ్గుతాయి, నిజమే. కొత్తవాళ్లకి మాత్రం అది శిక్షలా ఉంటుంది. నా ఓటు కొరియోగ్రాఫర్ లిజ్ లెర్మన్ పద్ధతికి: అందులో రాసినవాళ్లే ప్రశ్నలడగొచ్చు, ఎదుటివాళ్లు "నాదో అభిప్రాయం, చెప్పమంటారా?" అని అడిగాకే చెప్పాలి. వద్దంటే వద్దు.

చేరేముందు నిర్వాహకుల్ని ఒక్కటి అడగండి: "మొదటిరోజు చదవకుండా, వింటూ కూర్చోవచ్చా?" కుదరదంటే ఇంకో బృందాన్ని వెతుక్కోండి.