గేటు తాళం ఎవరి దగ్గర ఉంది?

సభకు నమస్కారం.

ముప్పై ఏళ్లు బడిలో డ్రిల్లు చేయించినవాణ్ని. విజిల్ ఊదినంత సులువుగా ఉపన్యాసం రాదు. "మాస్టారూ, హైదరాబాద్‌కు ఇంకా పెద్ద స్టేడియం కావాలా?" అని ఫోనులో అడిగితే కాదనలేక వచ్చాను. ఈ ప్రశ్నకు మన ఊరు ఇదివరకే ఒకసారి జవాబు చెప్పుకుంది, కోట్లు పోసి మరీ.

ఫతే మైదాన్ తెలుసు కదా. గోల్కొండ ముట్టడి నాడు ఔరంగజేబు సేనలు దిగిన చోటు. 1955లో అక్కడ పాలీ ఉమ్రిగర్ న్యూజిలాండ్ మీద 223 పరుగులు చేశాడు. టెస్టుల్లో మన దేశపు మొదటి డబుల్ సెంచరీ అదే. 1999లో సచిన్ మళ్లీ ఆ న్యూజిలాండ్ మీదే 186 కొట్టి అజేయంగా నిలిచాడు. ఊరి నడిబొడ్డున, బస్సు దిగి నాలుగడుగులు వేస్తే చేరే లాల్ బహదూర్ స్టేడియం అది. చాలదన్నారు. ఉప్పల్‌లో కొత్త స్టేడియం కట్టారు. 2005లో అక్కడ మొదటి వన్డే జరిగింది, పెద్ద క్రికెట్టంతా అటు వెళ్లిపోయింది. ఇక్కడ మిగిలినవి సాధనకు వచ్చే పిల్లలు, సభలు, ప్రమాణ స్వీకారాలు. 2023 డిసెంబరులో ముఖ్యమంత్రి ప్రమాణం చేసింది ఇక్కడే.

మరి ఉప్పల్‌లో ఏడాదికి ఎన్ని రోజులు ఆట? ఐపీఎల్‌లో సొంతగడ్డ మ్యాచ్‌లు ఏడో ఎనిమిదో, ఆపైన ఒకటో రెండో అంతర్జాతీయ మ్యాచ్‌లు. తక్కిన రోజుల్లో ఆ గేటు ముందు నిలబడి చూడండి. పక్క వీధి కుర్రాడు బ్యాటు పట్టుకుని వస్తే లోపలికి రానిస్తారా?

ఆ పది రోజులూ టిక్కెట్లు దొరకవు, నిజమే. 2022లో భారత్–ఆస్ట్రేలియా టిక్కెట్ల కోసం జింఖానా గ్రౌండు దగ్గర తొక్కిసలాట జరిగి జనం గాయపడ్డారు. కానీ అది కుర్చీలు చాలక జరిగింది కాదు, టిక్కెట్లు అమ్మిన తీరు వల్ల జరిగింది. 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం బయట తొక్కిసలాటలో పదకొండు మంది చనిపోయారు. వాళ్ల ప్రాణాలు పోయింది గేట్ల దగ్గర, వీధుల్లో. అహ్మదాబాద్ స్టేడియంలో 1,32,000 మంది పడతారని ఉదాహరణ చెబుతారు. అంతమంది ఒక్కసారి బయటికొస్తే ఏ రోడ్డు మీదుగా ఇళ్లు చేరాలో కొత్త స్టేడియం నక్షాలో ముందు చూపించమనండి.

దూరదేశం సంగతి ఒక్కటి చెప్పి వదిలేస్తాను. 2014 ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు కోసం బ్రెజిల్‌లో అమెజాన్ అడవుల నడుమనున్న మనౌస్‌లో నలభై వేల పైచిలుకు మంది పట్టే స్టేడియం కట్టారు. అక్కడ జరిగిన కప్పు మ్యాచ్‌లు నాలుగు. ఆ తరువాత దాన్ని తరచుగా నింపగల జట్టు ఆ ఊళ్లో లేకపోయింది.

మన ఊరికి ఒకప్పుడు ఫుట్‌బాల్‌లో ఎంత పేరుండేదో ఇక్కడున్న కుర్రవాళ్లకు తెలియకపోవచ్చు. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదేళ్లు బొంబాయి వెళ్లి రోవర్స్ కప్పు గెలుచుకొచ్చింది. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం మొదట బడిపంతులు. ఈ మాట చెప్పేటప్పుడు నాకు కాస్త గర్వం, మన్నించండి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ నాలుగో స్థానం దాకా వెళ్లింది, 1962 జకార్తా ఏషియాడ్‌లో స్వర్ణం తెచ్చింది. రెండుసార్లూ కోచ్ ఆయనే. రెండు జట్లలోనూ ఉన్న తులసీదాస్ బలరాం మన అమ్ముగూడ కుర్రాడు. ఈ ఆటగాళ్లను లక్షమంది పట్టే గ్యాలరీలు తయారుచేయలేదు. సాయంత్రం కాగానే కాళ్లకు దొరికిన మట్టి నేల తయారుచేసింది.

ఈ కాలం ఉదాహరణే కావాలంటే గచ్చిబౌలిలోని గోపీచంద్ బ్యాడ్మింటన్ అకాడమీ ఉంది. అక్కడున్నవి కోర్టులు, కోచ్‌లు. ఒలింపిక్స్‌లో 2012 నాటి సైనా కాంస్యం, 2016 నాటి సింధు రజతం ఆ కోర్టుల మీద పడ్డ చెమటే. అయితే సింధు చిన్నప్పుడు సికింద్రాబాద్ వైపు నుంచి రోజూ అంత దూరం వెళ్లి రావలసి వచ్చింది. వాలీబాల్ ఆడిన తల్లిదండ్రులు గనుక ఆ శ్రమ పడ్డారు. అందరు పిల్లలకూ అలాంటి ఇల్లు దొరకదు.

ఇక నా బడి. గ్రౌండులో సగాన్ని అదనపు తరగతి గదులు మింగాయి. మిగిలిన సగంలో మా ఉపాధ్యాయుల మోటారు సైకిళ్లు, వాటిలో నాదీ ఒకటి. కబడ్డీ కోర్టుకు సున్నం గీతలు గీయాలంటే ముందు బండ్లు జరిపించాలి. కూత పెట్టే లోపల గంట కొట్టేవారు. సాయంత్రం అయిదు కాగానే గేటుకు తాళం. బయట రోడ్డు మీద అదే బడి పిల్లలు ఆటోలను తప్పించుకుంటూ క్రికెట్ ఆడేవారు. బంతి గోడ దాటి లోపల పడితే, గోడ దూకి తెచ్చుకున్నందుకు మరునాడు ప్రార్థనలో వాళ్లను నిలబెట్టి తిట్టింది నేనే.

స్టేడియం కట్టవద్దని నేను చెప్పను. ఆడే జట్లుండి, రైలో మెట్రోనో దగ్గరుండి, మ్యాచ్ లేని రోజున పేటపిల్లలను రానిచ్చేటట్లయితే కట్టండి, నేనూ టిక్కెట్టు కొంటాను. కాని అంతకంటే ముందు నాకు ఒక చిన్న అంచనా కాగితం కావాలి. ప్రతి ప్రభుత్వ బడి గ్రౌండునూ సాయంత్రం అయిదు నుంచి ఎనిమిది దాకా తెరిచి ఉంచడానికి రెండు దీపాలు, ఒక మంచినీళ్ల కుళాయి, ఒక కాపలా మనిషి జీతం. ఎంతవుతుందో లెక్క వేయించండి. ఆ కాగితం వచ్చాక మళ్లీ పిలవండి, పెద్ద స్టేడియం గురించి అప్పుడు మాట్లాడుకుందాం.