ముప్పై వేలల్లో వ్యోమనౌక

అందరికీ నమస్కారం.

ఈ వర్క్‌షాప్ నిర్వాహకులు ఫోన్ చేసి, "షార్ట్ ఫిల్మ్ తీసే పిల్లలకి స్పేస్‌షిప్ సెట్ ఎలా వేయాలో చెప్పండి సార్, ఖర్చు మాత్రం ముప్పై వేలు దాటకూడదు" అన్నారు. సరేనన్నాను. ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేసేవాళ్లకి ఇది కొత్త మాట కాదు. కోట్ల సినిమాలోనైనా మా దాకా వచ్చేసరికి డబ్బులు అయిపోయాయనే అంటారు. అయితే రేట్లు నన్ను అడగకండి. ప్లైవుడ్ ధర నేనిప్పుడు చెబితే మీరు షాపుకి వెళ్లేలోపు మారిపోతుంది.

మెటీరియల్ గురించి మాట్లాడేముందు మీ స్క్రిప్ట్ గురించి ఒకటి అడుగుతాను. మీ కథలో ఆ నౌక ఏం పని చేస్తుంది? నా దగ్గరికి వచ్చే స్క్రిప్టుల్లో చాలావాటికి దీనికి జవాబు ఉండదు. "2150వ సంవత్సరం, అంతరిక్షంలో ఒక నౌక" అని ఉంటుంది, అంతే. సరుకు మోస్తుందా? పాడైన ఉపగ్రహాలు ఏరుకొస్తుందా? లోపల ఎంతమంది, ఎన్నాళ్ల నుంచి ఉంటున్నారు? ఎవరు ఎక్కడ పడుకుంటారు, తడి బట్టలు ఎక్కడ ఆరేస్తారు? ఇవి తేల్చకుండా బొమ్మ గీస్తే అందరికీ ఒకే బొమ్మ వస్తుంది. తెల్ల గోడలు, నీలం లైట్లు, మధ్యలో తిరిగే కుర్చీ. అది తీయడానికి ఖర్చూ ఎక్కువే, ఎందుకంటే శుభ్రమైన తెల్ల గోడ మీద ప్రతి అతుకూ కనిపిస్తుంది.

ఒకసారి మన లారీ క్యాబిన్ ఎక్కి చూడండి. అద్దం దగ్గర దేవుడి పటం, వాడిన దండ, సన్ వైజర్ వెనక దోపిన కాగితాలు, నీళ్ల బాటిల్ నిలబెట్టడానికి తీగతో చుట్టిన రింగు, చెయ్యి తగిలే చోట మాత్రమే రంగు పోయిన గేర్ రాడ్. డ్రైవర్ లేకపోయినా అతను ఎలాంటి మనిషో, ఎన్నేళ్లుగా ఆ బండి మీద ఉన్నాడో తెలిసిపోతుంది. మీ నౌకా అలాంటి క్యాబినే. 1979లో వచ్చిన 'ఏలియన్' చూసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. అందులో నోస్ట్రోమో సరుకు లాగే నౌక, లోపల ఉన్నవాళ్లు బోనస్ డబ్బుల గురించి గొడవపడే పనివాళ్లు. పైకప్పు తక్కువ ఎత్తులో ఉంటుంది, గోడల నిండా పైపులూ తీగలూ. దానికి ఆర్ట్ డైరెక్టర్లలో ఒకరైన రోజర్ క్రిస్టియన్, అంతకు రెండేళ్ల ముందు 'స్టార్ వార్స్'కి సెట్ డెకరేటర్‌గా చేసినప్పుడే పాత విమానాల తుక్కు కొని, విడగొట్టి, గోడలకి అతికించే పద్ధతి పట్టుకున్నాడు. ఆ సినిమాకి ఆయనకి ఆస్కార్ కూడా వచ్చింది.

ఇంకా చిన్న ఉదాహరణ కావాలంటే 'డార్క్ స్టార్' చూడండి. 1974లో విడుదలైంది. జాన్ కార్పెంటర్, డాన్ ఓబానన్ లాస్ ఏంజెలెస్‌లో సినిమా చదువుకుంటూ స్టూడెంట్ ఫిల్మ్‌గా మొదలుపెట్టి, తర్వాత పూర్తి సినిమాగా పెంచారు. మొత్తం ఖర్చు సుమారు 60 వేల డాలర్లు. కంట్రోల్ ప్యానెల్ మీద వెలిగే బటన్లు ఫ్రిజ్‌లో ఐస్ గడ్డలు చేసుకునే ట్రేలు. బోర్లించి కింద లైటు పెట్టారు. స్పేస్‌సూట్ ఛాతీ మీద ఉన్న యంత్రం కేకులు కాల్చే ట్రే. గ్రహాంతర జీవి అయితే మరీ, బీచ్‌లో ఆడుకునే గాలి బంతికి కాళ్లు తగిలించారు. అది జీవి అని ఎవరూ నమ్మరు, వాళ్లకీ తెలుసు, అందుకే దాన్ని కామెడీగా వాడుకున్నారు. తర్వాత 'ఏలియన్' స్క్రిప్ట్ రాసింది ఈ ఓబాననే.

ఇక మన కొట్లకి వద్దాం. విజయవాడ వాళ్లకి బళ్ల రిపేర్లు, పాత విడిభాగాలు దొరికే ఆటోనగర్ ఉంది, ఇంకేం కావాలి? హైదరాబాద్‌లో రాణీగంజ్‌లో పైపులు, హార్డ్‌వేర్, కోఠి గుజరాతీ గల్లీలో స్విచ్‌లు, మీటర్లు, తీగలు, ఆదివారం ఎర్రగడ్డ సంతలో ఏదైనా. మీ ఊళ్లో పాత ఇనుప సామాన్ల కొట్టు తప్పకుండా ఉంటుంది. అక్కడ విరిగిన ప్రింటర్ల లోపలి భాగాలు, కంప్యూటర్ క్యాబినెట్లు, ఏసీ గ్రిల్స్, వైరింగ్‌కి వాడే ముడతల పైపు, టమాటా ట్రేలు ఏరుకోండి. కొట్టువాడికి స్పేస్‌షిప్ కోసమని మాత్రం చెప్పకండి, రేటు పెంచేస్తాడు.

కొనేటప్పుడు మొదటిసారి చేసేవాళ్లకి తట్టని విషయం ఒకటుంది. ఏదైనా ఒక్కటి కొంటే అది తుక్కులాగే కనిపిస్తుంది. అదే వస్తువు పన్నెండు కొని, ఒకే దూరంలో, ఒకే వరసలో బిగిస్తే ఫ్యాక్టరీలో తయారైన భాగం అయిపోతుంది. ఒక టమాటా ట్రే గోడకి కొడితే ప్రేక్షకుడు నవ్వుతాడు. పదహారు ట్రేలు నేల నుంచి కప్పు దాకా పేర్చి, అన్నిటికీ ఒకే బూడిద రంగు వేసి, వెనక లైటు పెడితే అది వెంటిలేషన్ వ్యవస్థ. అందుకని కొట్లో విచిత్రమైన వస్తువు కోసం వెతక్కండి, ఎక్కువ సంఖ్యలో దొరికే మామూలు వస్తువు కోసం వెతకండి. రంగు కూడా అంతే. ముందు అన్నిటికీ ఒకే బేస్ రంగు. అది ఆరాక మనిషి చెయ్యి తగిలే చోట్ల కాస్త వెండి రంగు, మూలల్లో నలుపు కలిపిన నీళ్లు పులిమి గుడ్డతో తుడవడం. పాతదనం ఎక్కడపడితే అక్కడ చల్లితే గోడకి జబ్బు చేసినట్టుంటుంది. ఎవరు ఎక్కడ ముట్టుకుంటారో చూసుకుని వేయాలి.

కట్టడం విషయానికొస్తే, మన దగ్గర ప్లైవుడ్, సన్‌బోర్డ్ (తేలికైన ప్లాస్టిక్ నురుగు పలక) షీట్లు ఎనిమిది బై నాలుగు అడుగుల్లో దొరుకుతాయి. డిజైన్ ఆ కొలతకి లొంగేలా గీయండి, వేస్టేజ్ తగ్గుతుంది. రీపర్లతో, అంటే సన్నటి చెక్క బద్దలతో, ఎనిమిది భుజాల ఫ్రేములు చేసి, నాలుగేసి అడుగుల దూరంలో నిలబెట్టి, మధ్యలో సన్‌బోర్డ్ ప్యానెళ్లు బిగించండి. నాలుగు ఫ్రేములకి పన్నెండు అడుగుల కారిడార్ వస్తుంది. ఒక పక్క గోడ ఊడదీసేలా ఉండాలి, లేకపోతే కెమెరా ఎక్కడ పెడతారు? ఆ ప్యానెళ్లనే అటూ ఇటూ మార్చి, స్టిక్కర్లు మార్చి, లైటు రంగు మార్చితే అదే కారిడార్ ఇంజన్ గది అవుతుంది, పడకగది అవుతుంది.

పొడవు చాలకపోతే చివర్న ఫ్రేములు ఒక్కోటీ కొంచెం చిన్నగా చేసుకుంటూ వెళ్లండి. కెమెరాకి కారిడార్ చాలా దూరం వెళ్లినట్టుంటుంది. కాకపోతే నటించే ఆర్టిస్టు ఆ చివరకి నడవకూడదు, నడిస్తే రాక్షసుడిలా పెరిగిపోతాడు. అక్కడ మనిషి తప్పదంటే అదే డ్రెస్సు వేసి చిన్నపిల్లాడిని నిలబెట్టండి. 'ఏలియన్'లో నౌక కాళ్లు పెద్దవిగా కనిపించాలని దర్శకుడు రిడ్లీ స్కాట్ తన పిల్లలకే స్పేస్‌సూట్లు తొడిగి నిలబెట్టాడు.

కెమెరామన్‌తో ముందే కూర్చుని ఫ్రేమ్ కొలత తేల్చుకోండి. ఎనిమిది అడుగుల వెడల్పు గోడ పట్టే షాట్‌లో, 16:9 (మామూలు టీవీ తెర ఆకారం) అయితే నాలుగున్నర అడుగుల ఎత్తు కనిపిస్తుంది. 2.39 స్కోప్‌లో (ఎత్తుకి 2.39 రెట్లు వెడల్పున్న సినిమా తెర ఆకారం) తీస్తే సుమారు మూడడుగుల నాలుగు అంగుళాలే. అంటే అడుగుకి పైగా ఎత్తు తగ్గుతుంది, అంత గోడ కట్టక్కర్లేదు. డైరెక్టర్లు స్కోప్ అనగానే గ్రాండ్‌గా ఉంటుందనుకుంటారు. నాకైతే రెండు షీట్ల డబ్బు మిగిలినట్టు.

జీరో గ్రావిటీ జోలికీ, నౌకలో గురుత్వం ఎలా వచ్చిందో చూపించే జోలికీ పోకండి. '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' సినిమాలో నౌక లోపలి భాగం తిరిగి గురుత్వం పుట్టిస్తుందని చూపడానికి 38 అడుగుల వ్యాసంతో తిరిగే చక్రం కట్టారు, దానికే ఏడున్నర లక్షల డాలర్లు అయ్యాయి, అదీ 1960ల్లో. మీ నౌకలో కృత్రిమ గురుత్వం ఉంది. ఎందుకుందని ఎవరూ అడగరు.

లైటింగ్ మీద మాత్రం టైమ్ పెట్టండి. బయట్నుంచి లైటు కొట్టకుండా, సెట్ లోపలే లైట్లు పొదగండి. ఫ్రేముల వెనక 12 వోల్టుల ఎల్‌ఈడీ స్ట్రిప్, దాని ముందు బటర్ పేపర్. ఆర్టిస్టు ముఖం ఆ ప్యానెల్ వెలుగులోనే కనిపిస్తుంటే నౌక నిజమనిపిస్తుంది. వెలుగు ఎక్కువైతే చవక డిమ్మర్ పెట్టకండి. అది లైటుని వేగంగా ఆర్పి వెలిగిస్తూ తగ్గిస్తుంది, మన కంటికి తెలియదు, కెమెరాలో నల్లని చారలు పాకుతాయి. బదులుగా ఇంకో పొర బటర్ పేపర్ వేయండి. కరెంటు మీద నేరుగా వెలిగే బల్బులుంటే కెమెరా షట్టర్ వేగం 1/50 సెకను గానీ 1/100 సెకను గానీ లాక్ చేయండి, మన సరఫరా 50 హెర్ట్జ్ కాబట్టి. ఫోన్‌తో తీసేవాళ్లు ఆటో మోడ్‌లో వదిలేస్తారు, ఎడిటింగ్‌లో కూర్చున్నాక ఏడుస్తారు.

కిటికీ బయట ఏం పెట్టాలని అందరూ టెన్షన్ పడతారు. నల్ల గుడ్డ కట్టండి చాలు. చంద్రుడి మీద అపోలో యాత్రికులు తీసిన ఫొటోల్లో ఆకాశం కాటుక నలుపు, నక్షత్రాలు లేవు. ఎండలో మెరిసే నేలకి తగ్గట్టు ఎక్స్‌పోజర్ (కెమెరాలోకి వచ్చే వెలుగు) పెడితే నక్షత్రాల వెలుగు పట్టదు. కాబట్టి చవకైనదే ఇక్కడ నిజం కూడా. దానికి తోడు కిటికీ బయట్నుంచి ఒకే ఒక గట్టి లైటు, డిఫ్యూజన్ (వెలుగుని మెత్తబరిచే తెర) లేకుండా. అక్కడ గాలి ఉండదు కాబట్టి నీడ అంచు కత్తిలా ఉండాలి. ఆ లైటుని ఒకరు చేత్తో పట్టుకుని మెల్లగా పక్కకి నడిస్తే లోపల నీడలు కదులుతాయి, నౌక తిరుగుతున్నట్టే. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం దాదాపు 90 నిమిషాలకోసారి భూమిని చుట్టేస్తుంది, వాళ్లకి రోజుకి పదహారు సూర్యోదయాలు. మీ కథ భూకక్ష్యలో నడిస్తే ఆ లైటు ఒక్కటే రాత్రినీ పగలునీ చూపిస్తుంది.

ఆర్టిస్టు చేతులకి పని ఇవ్వండి. ఇప్పుడు స్పేస్‌ఎక్స్ కంపెనీ డ్రాగన్ లాంటి నౌకల్లో టచ్‌స్క్రీన్లు వచ్చాయి. కానీ తెర పెడితే దానికి గ్రాఫిక్స్ చేయాలి, గాజు మీద వేలు రుద్దే నటనలో బరువుండదు. రష్యా సోయుజ్‌లో కమాండర్ బెల్టులతో బిగించుకుని కూర్చుంటే ప్యానెల్ అందదు, అందుకని ఒక కర్రతో బటన్లు నొక్కుతాడు. ఎంత మంచి సీన్ అది! టక్కున శబ్దం వచ్చే నిజమైన స్విచ్‌లు కొనండి, ఒక్కోదాని కింద తెలుగులో పేరు రాయండి. తెలుగులో రాస్తే కామెడీ అయిపోతుందని కొందరికి భయం. ఆర్టీసీ బస్సులో "అత్యవసర ద్వారం" చదివి ఎవరూ నవ్వలేదు. రాకెట్లు ఎగిరే శ్రీహరికోట మన తిరుపతి జిల్లాలోనే ఉంది.

ఇప్పుడు చెప్పేది సరదా విషయం కాదు. థర్మాకోల్ మీద మామూలు స్ప్రే పెయింట్ కొడితే కరిగి గుంతలు పడుతుంది, దానికి నీళ్లలో కలిసే రంగులూ తెల్ల ఫెవికాల్ మాత్రమే. అంతకంటే ముఖ్యం, అది అంటుకుంటే క్షణాల్లో పాకుతుంది, నల్లటి విషపు పొగ వస్తుంది. మీరు తీసేది గ్యారేజీలో, కిటికీలు మూసి, లోపల వేడెక్కే అడాప్టర్లతో. కాబట్టి వేడెక్కే ఏ వస్తువూ థర్మాకోల్‌కి తగలకూడదు, ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్) లేని బోర్డు నుంచి లైను లాగకూడదు, మంటలార్పే సిలిండర్ సెట్ బయట ఉండాలి, కారిడార్‌కి రెండు వైపులా దారి ఉండాలి. ఇది ఒప్పుకోని ప్రొడ్యూసర్‌కి సెట్ వేయకండి.

చివరిగా తలుపు. జారే తలుపుకి మోటారు కావాలని అడుగుతుంటారు. 'స్టార్ ట్రెక్' సీరియల్‌లో తలుపుల్ని గోడ వెనక నిలబడి మనుషులే లాగేవాళ్లు. సన్‌బోర్డ్ తలుపుకి అల్యూమినియం ఛానెల్, నైలాన్ తాడు, వెనక ఇద్దరు స్నేహితులు. శబ్దం తర్వాత కలపండి. బ్రిటిష్ టీవీ సీరియల్ 'డాక్టర్ హూ'లో కాలనౌక బయల్దేరే శబ్దాన్ని 1963లో ఇంటి తాళంచెవితో పియానో తీగలు గీకి తయారుచేశారు. మీకు పియానో దొరక్కపోతే కొట్టు షట్టర్ ఎత్తే శబ్దం రికార్డు చేసి వేగం తగ్గించి వినండి, బరువుగా ఉంటుంది. తాడు లాగే ఇద్దరికీ ముందే రిహార్సల్ చేయించండి, ఒకడు ముందు లాగితే హీరో ముక్కు పగులుతుంది.

ఇక మీ స్క్రిప్టులు, స్కెచ్‌లు తెచ్చినవాళ్లు ముందుకి రండి. ఒక్కొక్కటీ చూసి ఏ గోడ తీసేయొచ్చో చెబుతాను.