మీట తొక్కిన కాలు ఎవరిది?

అధ్యక్షులకు, వేదికనలంకరించిన పెద్దలకు, న్యాయశాస్త్ర విద్యార్థులకు నమస్కారం. ఆహ్వానపత్రంలో నా అంశం "ఉత్పత్తిదారు బాధ్యత" అని వేశారు గాని, అందులో ఒక్క వాదన గురించే మాట్లాడతాను. లోపమున్న వస్తువు వల్ల దెబ్బతిన్న మనిషిని బోనెక్కించి, "నువ్వు జాగ్రత్తగా ఉంటే ఇలా జరిగేదా?" అని నిలదీసే అంశదాయక నిర్లక్ష్యం అనే వాదన అది.

దాని మూలం 1809 నాటి బటర్‌ఫీల్డ్ వర్సెస్ ఫారెస్టర్ అనే ఇంగ్లండు తీర్పు. దారికడ్డంగా పెట్టిన కొయ్యను చూసుకోకుండా గుర్రాన్ని దౌడు తీయించి పడినవాడికి పరిహారమే దక్కలేదు. 1945లో ఇంగ్లండు చట్టం చేసి, తప్పులో ఎవరి పాలెంతో తేల్చి పరిహారం తగ్గించే పద్ధతికి మళ్లింది. చరిత్ర ఇంకా చాలా ఉంది, కానీ నా మనసంతా ఒక పంచ్ ప్రెస్ దగ్గరే, అంటే లోహపు రేకులకు బెజ్జాలు కొట్టే యంత్రం దగ్గరే ఉంది.

అమెరికాలోని న్యూజెర్సీలో మైనారిటీ తీరని కార్మికుడొకడు గుండ్రటి లోహపు బిళ్లలను ఒక్కొక్కటిగా కుడిచేత్తో అచ్చుమీద పెట్టి, కాలితో మీట తొక్కేవాడు. తొక్కగానే పైనుంచి దిమ్మె దిగి బిళ్లకు బెజ్జాలు చేసేది. ఒకసారి అచ్చు మీది లోహపు ముక్క సరిగా లేదని సర్దబోయాడు, అదే క్షణంలో కాలు మీట మీద పడింది. వేళ్లు పోయాయి. దిమ్మెకు, చేతికి మధ్య ఏ రక్షణ ఏర్పాటూ లేదు. అతనిదే అజాగ్రత్త అన్నది తయారీదారు వాదన. చెయ్యి దిమ్మె కింద ఉండగా మీట తొక్కడమనేదే రక్షణ సాధనం నివారించాల్సిన ప్రమాదమని, కాబట్టి అంశదాయక నిర్లక్ష్యం వాదన ఈ దావాలో చెల్లదని 1972లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు చెప్పింది. రెండు చేతులతో రెండు బొత్తాలు నొక్కితేనే కదిలే ఏర్పాటు ఆ యంత్రానికి ఉండి ఉంటే ఆ చెయ్యి అక్కడ ఉండేదా? మీరే చెప్పండి!

వాడుకరి ఏం చేసినా చెల్లుతుందని నేననడం లేదు. ప్రమాదం తెలిసీ తెగించినవాడి సంగతి వేరు. లోపం కనిపెట్టలేకపోయినంత మాత్రాన అది వాడుకరి తప్పు కాదని, న్యాయనిపుణుల సంస్థ అయిన అమెరికన్ లా ఇన్‌స్టిట్యూట్ 1965లో వెలువరించిన రీస్టేట్‌మెంట్ (న్యాయసూత్రాల సంకలనం) వ్యాఖ్య చెబుతుంది. 1978లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు, కారు తలుపు గడియ లోపమున్నదన్న దావాలో, బాధితుడి తప్పును బట్టి పరిహారం తగ్గించవచ్చంది. పూర్తిగా కొట్టేయడం కంటే అది నయమే. అయితే ఆ శాతం లెక్కలో కూడా తయారీదారు ముందే ఊహించగల పొరపాటును వాడుకరి ఖాతాలో రాయడం నాకు సమ్మతం కాదు.

విద్యార్థులారా, ఇలాంటి దావా మీ చేతికొస్తే, బాధితుణ్ని ఎదుటివారు ప్రశ్నించకముందే యంత్రం నమూనా చిత్రాలు తెప్పించమని కోర్టును కోరండి, రక్షణ సాధనం అమర్చడానికి ఎంత ఖర్చవుతుందో నిపుణుడి చేత చెప్పించండి.